పని నేర్చుకునే బిడ్డకు పూచీ ఎవరు?
ఇంగ్లండు పార్లమెంటు చర్చల నుంచి ఒక అధ్యయనం

ఏటా జూన్, జూలై నెలల్లో ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించడానికి కూర్చున్నప్పుడు మా ముందు కట్టలు కట్టలుగా కాగితాలు ఉంటాయి. ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్, ఫార్మసీ. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, కాలేజీ వారి సంతకం. ఇవన్నీ ఉంటే పరిశీలన సులభం. కానీ ప్రతి సంవత్సరం ఒక తల్లి అయినా ఏ కాగితమూ లేకుండా వస్తుంది. "భాయ్‌సాబ్, మా వాడు పది పాసయ్యాడు. కాలేజీకి పంపలేక మెకానిక్ షెడ్డులో పెట్టాను. పని నేర్చుకుంటున్నాడు. చదువుకునే వాళ్ళకేనా మీ సాయం?" అని అడుగుతుంది. మా నిబంధనల ప్రకారం చేరిక పత్రం లేనిదే సాయం లేదు. ఆ మాట చెప్పి పంపిస్తాం. పంపించాక మాలో ఎవరికీ మనసు కుదుటపడదు.

ఆ తల్లి అడిగిన ప్రశ్న మనకు కొత్త కావచ్చు గాని లోకానికి కొత్త కాదు. పని నేర్చుకోవడం చదువేనా? పని నేర్చుకునే బిడ్డకు అన్నం ఎవరు పెట్టాలి, అక్షరం ఎవరు చెప్పాలి, అన్యాయం జరిగితే ఎవరు అడగాలి? ఈ ప్రశ్నల మీద ఇంగ్లండు పార్లమెంటులో రెండు వందల ఏళ్ళకు పైగా వాదన నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది. ఆ వాదనలో మంచి వారు ఓడిన రోజులున్నాయి, మంచి చట్టాలు కాగితం మీదే ఉండిపోయిన రోజులున్నాయి. అందుకే ఈ సంచికలో దానిని ఒక పాఠంగా మన పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ముందుగా రెండు మాటలు

అప్రెంటిస్‌షిప్ అంటే ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా ఉండి పని నేర్చుకోవడం. ఇంగ్లండులో 1563లో ఎలిజబెత్ రాణి కాలంలో వచ్చిన చట్టం ప్రకారం ఒక వృత్తి చేపట్టాలంటే కనీసం ఏడేళ్ళు అప్రెంటిస్‌గా ఉండి తీరాలి. యజమాని, పిల్లవాడి తండ్రి ఒక ఒప్పందం రాసుకునేవారు. ఒకే కాగితం మీద రెండు ప్రతులు రాసి, మధ్యలో పళ్ళు పళ్ళుగా కత్తిరించి చెరొకటి తీసుకునేవారు. తగవు వస్తే రెండు ముక్కలూ కలిపి చూస్తే నిజమైన ఒప్పందం ఏదో తెలిసిపోయేది. యజమాని తిండి, బట్ట, నీడ ఇచ్చి పని నేర్పాలి. పిల్లవాడు చెప్పిన మాట విని పని చేయాలి. ఇద్దరికీ బాధ్యత ఉంది, ఇద్దరి చేతిలో కాగితం ఉంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత కథంతా అర్థమవుతుంది.

ఇక పార్లమెంటు. బిల్లు మొదట సభలో ప్రవేశపెడతారు, రెండో పఠనంలో దాని ఉద్దేశం మీద చర్చ జరుగుతుంది, కమిటీలో ఒక్కొక్క క్లాజును పరిశీలిస్తారు, తర్వాత మూడో పఠనం. కామన్స్ సభ ఆమోదించినది ప్రభువుల సభకు వెళుతుంది. పేద పిల్లల చదువు గురించిన బిల్లు కొన్నిసార్లు మొదటి సభలో గెలిచి రెండో సభలో పోయింది.

అనాథ పిల్లలు, నూలు మిల్లులు

పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో నీటి చక్రాలతో నడిచే నూలు మిల్లులు వెలిశాయి. అవి ఊళ్ళకు దూరంగా నదుల ఒడ్డున ఉండేవి. అక్కడ పని చేసే మనుషులు దొరికేవారు కాదు. అదే సమయంలో లండన్ పారిష్‌ల అనాథశాలల్లో పిల్లలు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. పారిష్ అధికారులకు పిల్లలను వదిలించుకోవాలి, మిల్లు యజమానులకు చేతులు కావాలి. అప్రెంటిస్ అనే పేరు మీద ఆరేడేళ్ళ పిల్లలను బండ్ల మీద ఎక్కించి పంపారు. వారికి ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా ఒప్పందం. రాబర్ట్ బ్లింకో అనే పిల్లవాడు 1799లో సెయింట్ పాంక్రాస్ అనాథశాల నుంచి అలాగే లౌడమ్ మిల్లుకు చేరాడు. అతను పడిన దెబ్బలు, ఆకలి వివరాలు 1828లో అచ్చయి జనాన్ని కలచివేశాయి.

ఇక్కడ ఒప్పందం ఉంది గాని పిల్లవాడి తరఫున సంతకం పెట్టినవాడు అతన్ని వదిలించుకోవాలనుకున్నవాడు. నేర్పిన పని తెగిన దారం ముడివేయడం, నేల మీద దూది ఊడ్చడం. ఇరవై ఒక్క ఏళ్ళు నిండి బయటికి వచ్చినవాడికి బతకడానికి చాలిన వృత్తి చేతికి రాలేదు.

1802లో సర్ రాబర్ట్ పీల్ ఈ పిల్లల కోసం ఒక బిల్లు తెచ్చాడు. ఆయన స్వయంగా మిల్లు యజమాని. 1784లో ఆయన రాడ్‌క్లిఫ్ మిల్లులోనే జ్వరం ప్రబలి పెద్ద అలజడి జరిగింది. ఆ చట్టం ప్రకారం అప్రెంటిస్‌తో రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదు. రాత్రి పని మాన్పించాలి. ఏడాదికి రెండుసార్లు గోడలకు సున్నం కొట్టాలి. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరు వేరు పడక గదులు ఉండాలి. ఒప్పందంలోని మొదటి నాలుగేళ్ళూ చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలి. పని నేర్చుకునే బిడ్డకు చదువు కూడా చెప్పాలని ఇంగ్లండులో ఒక చట్టం ఫ్యాక్టరీ యజమానిని ఆదేశించడం ఇక్కడే మొదలు.

అయితే దీన్ని తనిఖీ చేసేది ఎవరు? ఆ ప్రాంతపు న్యాయాధికారులు నియమించే ఇద్దరు సందర్శకులు. వారిలో ఒకరు మతగురువు. వారికి జీతం లేదు, తీరిక లేదు, చాలా చోట్ల మిల్లు యజమాని వారి ఇరుగుపొరుగు. చట్టం పుస్తకంలోనే నిలిచిపోయింది. 1816లో మరో చట్టం లండన్ పారిష్ పిల్లలను నలభై మైళ్ళు దాటి పంపరాదని, తొమ్మిదేళ్ళ లోపు వారిని ఒప్పందంలో పెట్టరాదని చెప్పింది. తనిఖీకి జీతం ఇచ్చి ఇన్‌స్పెక్టర్లను పెట్టింది 1833 ఫ్యాక్టరీ చట్టం. దేశం మొత్తానికి నలుగురే. కానీ వారు వెళ్ళి చూశారు, రాశారు, ఆ నివేదికలు పార్లమెంటు ముందు పెట్టారు. తొమ్మిది నుంచి పదమూడేళ్ళ లోపు పిల్లలకు వారానికి 48 గంటల పని, రోజుకు రెండు గంటల బడి అన్న నియమానికి అప్పుడు కొంత ప్రాణం వచ్చింది.

చదువు చెబితే చెడిపోతారన్న సభ

1807లో శామ్యూల్ విట్‌బ్రెడ్ ప్రతి పారిష్‌లో బడి పెట్టాలని, ఏడు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పేద పిల్లలకు రెండేళ్ళ చదువు ఉచితంగా దొరకాలని బిల్లు తెచ్చాడు. అడిగింది రెండేళ్ళు మాత్రమే. దానికి వ్యతిరేకంగా డేవీస్ గిడ్డీ అనే సభ్యుడు చేసిన వాదన ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. కూలి జనానికి చదువు చెబితే తమ బతుకు మీద వారికే ఏవగింపు కలుగుతుందని, మంచి పనివాళ్ళుగా ఉండరని, రాజ్యాన్ని విమర్శించే కరపత్రాలు చదువుతారని ఆయన భయం. గిడ్డీ చదువుకోనివాడు కాదు. శాస్త్రజ్ఞుడు, తర్వాత గిల్బర్ట్ అనే ఇంటిపేరుతో రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. తనకు విద్య ఇచ్చిన గౌరవం ఎదుటివాడికి ప్రమాదమని నమ్మాడు. బిల్లు కామన్స్‌లో గట్టెక్కినా ప్రభువుల సభలో పోయింది.

మన ఇళ్ళలో ఇలాంటి మాట వినలేదా? "ఆడపిల్లకు అంత చదువెందుకు?", "పనివాడి కొడుకు పనే కదా చేసేది?" అన్న మాటలకు, ఆ ప్రసంగానికి భాష వేరు, భావం ఒకటే.

1833: వెయ్యి రెట్ల తేడా

పార్లమెంటు బడుల కోసం తొలిసారి డబ్బు మంజూరు చేసింది 1833లో. 20,000 పౌండ్లు. బడి భవనాల ఖర్చులో సగం స్థానికులు చందాలు వేసుకుంటే మిగతా సగం ప్రభుత్వం ఇస్తుంది. అదే సంవత్సరం బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం వచ్చింది. బానిసల యజమానులకు నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించారు. బానిసలుగా బతికినవారికి ఏమీ ఇవ్వలేదు. పైగా వారిని వెంటనే విడిచిపెట్టకుండా పొలాల్లో పనిచేసేవారు ఆరేళ్ళు, ఇతరులు నాలుగేళ్ళు పాత యజమాని దగ్గరే ఉండాలన్నారు. దానికి పెట్టిన పేరు అప్రెంటిస్‌షిప్! వారికి నేర్పవలసిన పని ఏదీ లేదు. ఆ పని వారికి ముందే వచ్చు. జనం నిరసన తెలిపాక 1838 ఆగస్టు 1న దాన్ని గడువుకు ముందే ఎత్తివేశారు.

ఈ సంగతిని ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. మంచి పేరు చాటున ఏదైనా జరగవచ్చు. 'పని నేర్పుతున్నాం' అన్నవాడిని 'ఏ పని? ఎన్నాళ్ళు? తర్వాత ఏమవుతుంది?' అని అడగాలి.

మార్కులకు డబ్బు

1846లో విద్యా శాఖ కార్యదర్శి జేమ్స్ కే-షటిల్‌వర్త్ ఒక మంచి పద్ధతి తెచ్చాడు. పదమూడేళ్ళ చురుకైన విద్యార్థులను బడిలోనే ఐదేళ్ళపాటు అప్రెంటిస్ ఉపాధ్యాయులుగా పెట్టి, ప్రభుత్వమే భృతి ఇచ్చి, పంతులు పని నేర్పించడం. పేద ఇంటి పిల్లలెందరో ఈ దారిలో ఉపాధ్యాయులయ్యారు.

1862లో రాబర్ట్ లో తెచ్చిన సవరించిన నియమావళి లెక్క మార్చేసింది. ప్రతి బిడ్డ హాజరుకు 4 షిల్లింగులు, చదవడం, రాయడం, లెక్కల పరీక్షల్లో గట్టెక్కితే 8 షిల్లింగులు. పిల్లవాడు తప్పితే బడికి ఆ మేరకు గ్రాంటు పోతుంది. పన్ను కట్టేవారి డబ్బుకు ఫలితం కనబడాలన్నది వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. జరిగింది వేరు. పరీక్షకు వచ్చే పాఠం తప్ప మిగతావి మూలన పడ్డాయి, పిల్లలు పుస్తకాన్ని కంఠస్థం చేశారు. స్వయంగా బడుల ఇన్‌స్పెక్టర్ అయిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. దీన్ని వదిలించుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ పద్ధతి మన దాకా కూడా వచ్చింది. తెలుగు జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1860ల చివర నుంచి వీధి బడులకు కూడా పరీక్ష ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చారు. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున పంతులు గుండె ఎంత వేగంగా కొట్టుకుని ఉంటుందో ఊహించవచ్చు. ఈనాటి ర్యాంకుల ప్రకటనలు చూసినప్పుడు మనకు ఆ షిల్లింగులు గుర్తుకు రావాలి.

బడి అందరిదీ, మనస్సాక్షి ఎవరిది వారిది

1870లో డబ్ల్యు.ఇ. ఫార్‌స్టర్ తెచ్చిన చట్టం, బడులు లేని చోట ఎన్నికైన బోర్డులు పన్నుతో బడులు పెట్టాలని చెప్పింది. అసలు గొడవ మతం మీద వచ్చింది. ప్రభుత్వ చర్చి వారి బోధన బడిలో ఉండాలా, ఇతర క్రైస్తవ శాఖల పిల్లల సంగతేమిటి? చివరికి రెండు నియమాలు కుదిరాయి. ఒకటి, తల్లిదండ్రులు కోరితే బిడ్డను మత పాఠం నుంచి మినహాయించాలి. రెండు, బోర్డు బడిలో ఏ ఒక్క శాఖకూ ప్రత్యేకమైన మత సూత్రాలు బోధించరాదు. అప్పుడు ఈ నియమాలు క్రైస్తవుల మధ్య తగవు తీర్చడానికి పెట్టినవే. కానీ వంద ఏళ్ళ తర్వాత ఇంగ్లండులో స్థిరపడిన ముస్లిం, హిందూ, సిక్కు కుటుంబాలకు మినహాయింపు హక్కు అక్కరకు వచ్చింది.

1944 చట్టం కింద చర్చి బడులకు ప్రభుత్వ సాయం దొరికేది. అదే సాయం ముస్లిం బడులకూ ఇవ్వాలన్న కోరిక ఏళ్ళ తరబడి తిరస్కరణకు గురైంది. 1983లో మొదలైన లండన్ బ్రెంట్‌లోని ఇస్లామియా ప్రాథమిక పాఠశాలకు 1998లో గాని ఆ సాయం దక్కలేదు. ఒక వర్గం తన కోసం అడిగిన న్యాయపు నియమం మరో తరంలో మరో వర్గానికి నీడనిస్తుంది. అది దక్కడానికి మాత్రం ఓపికగా అడుగుతూనే ఉండాలి.

సగం రోజు బడి, సగం రోజు మిల్లు

బడి 1880లో తప్పనిసరి అయింది, 1891లో చాలా చోట్ల ఫీజు లేకుండా పోయింది. అయినా లాంకషైర్ నూలు పట్టణాల్లో పిల్లలు సగం రోజు మిల్లులో, సగం రోజు బడిలో ఉండేవారు. పొద్దున ఆరింటికి మిల్లుకు వెళ్ళిన బిడ్డ మధ్యాహ్నం బడి బల్ల మీద నిద్రపోయేవాడు. ఇది మానిపిద్దామంటే అడ్డుపడింది యజమానులే కాదు. కార్మిక సంఘాల్లోని తల్లిదండ్రులు కూడా చాలామంది వద్దన్నారు. ఆ బిడ్డ తెచ్చే నాలుగు షిల్లింగులూ ఇంటికి అవసరం. వారిని కఠినులని తప్పుపట్టడం తేలిక. పొయ్యి వెలిగే లెక్క తెలిసినవారు ఆ మాట అనలేరు.

1918లో హెచ్.ఎ.ఎల్. ఫిషర్ తెచ్చిన చట్టం సగం రోజు పద్ధతికి ముగింపు పలికి బడి వయసును పద్నాలుగుకు పెంచింది. పనిలో చేరినవారికి కూడా వారంలో కొన్ని గంటల బడి ఉండాలని చెప్పింది. ఈ రెండో భాగానికి పరిశ్రమల యజమానులు అడ్డు చెప్పారు. 1922లో ప్రభుత్వ ఖర్చులు కోసినప్పుడు అది దాదాపు అంతటా ఆగిపోయింది. 1944లో ఆర్.ఎ. బట్లర్ చట్టం అందరికీ ఉచిత మాధ్యమిక విద్య ఇచ్చింది. పనిచేసే యువకుల కోసం కౌంటీ కాలేజీలు పెట్టాలని కూడా రాసింది. అవి ఎన్నడూ కట్టలేదు. రెండుసార్లూ బడి పిల్లల హక్కు నిలిచింది, పని పిల్లల హక్కు వాయిదా పడింది. వాయిదా పడినదాన్ని అడిగేవారు సభలో తక్కువ. ఎందుకంటే సభలో కూర్చున్న వారి పిల్లలు ఆ దారిలో లేరు.

కంపెనీల మీద సుంకం

పని నేర్పే ఖర్చు ఎవరిది? నేర్పిన కంపెనీకి ఖర్చు, నేర్పని కంపెనీ ఆ పనివాడిని ఎక్కువ జీతమిచ్చి ఎగరేసుకుపోతుంది. ఈ చిక్కు తీర్చడానికి 1964లో ఒక చట్టం పరిశ్రమల నుంచి సుంకం వసూలు చేసి, శిక్షణ ఇచ్చిన వారికి తిరిగి గ్రాంటు ఇచ్చే బోర్డులను ఏర్పరిచింది. 1980లలో వాటిలో చాలావరకు ఎత్తివేశారు.

2017 ఏప్రిల్‌లో సుంకం మళ్ళీ వచ్చింది. ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలిచ్చే సంస్థ ఆ పైమొత్తం మీద 0.5 శాతం కట్టాలి. ఆ డబ్బుతో అప్రెంటిస్‌లకు శిక్షణ ఇప్పించుకోవాలి. మొదట పెట్టిన నియమం ప్రకారం 24 నెలల్లో వాడకపోతే పోయినట్టే. 2020 నాటికి 30 లక్షల కొత్త అప్రెంటిస్‌లన్నది లక్ష్యం. అది నెరవేరలేదు. 2015-16లో సుమారు 5 లక్షల 9 వేల మంది చేరగా 2017-18లో ఆ సంఖ్య సుమారు 3 లక్షల 76 వేలకు పడిపోయింది. అంతకంటే ఆలోచించవలసిన సంగతి, చేరింది ఎవరన్నది. పెద్ద కంపెనీలు సుంకం డబ్బును అప్పటికే ఉద్యోగంలో ఉన్న తమ మేనేజర్ల ఉన్నత కోర్సులకు మళ్ళించాయి. పదహారేళ్ళ కొత్త కుర్రవాడికి చోటు తగ్గింది. ఈ విషయం మీద సభలో, కమిటీల్లో ఏళ్ళ తరబడి ప్రశ్నలు వేశాక, స్నాతకోత్తర స్థాయి కోర్సులకు ఈ నిధిని 2026 జనవరి నుంచి ప్రధానంగా 22 ఏళ్ళ లోపు వారికే పరిమితం చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

చట్టంలో 'అప్రెంటిస్' అన్న మాట ఉంటే చాలదు, ఏ అప్రెంటిస్ అన్నది కూడా ఉండాలి. లేకపోతే పేదవాడి కోసం పెట్టిన సంచిలో చేయి పెట్టేది ఎప్పుడూ దగ్గర్లో ఉన్నవాడే.

మన దేశానికి వస్తే

భారతదేశంలో అప్రెంటిస్‌ల గురించిన పాత చట్టం 1850 నాటిది. అది ముఖ్యంగా ధర్మ సంస్థల్లో పెరిగే అనాథ, పేద పిల్లల కోసం పుట్టింది. పదేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపు బిడ్డను ఏడేళ్ళకు మించకుండా వృత్తిలో పెట్టవచ్చు. అనాథ తరఫున సంతకం పెట్టే అధికారం ఆ సంస్థ నిర్వాహకులకు ఉండేది. అంటే మనలాంటివారికే. ఎంత పెద్ద బాధ్యతో ఆలోచించండి. లండన్ పారిష్‌లు చేసిన పని మనమూ చేయగలిగేవాళ్ళం.

ఇప్పుడున్నది 1961 చట్టం. ఒప్పందం నమోదు కావాలి, భృతి ఇవ్వాలి. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కానీ ఆ తల్లి కొడుకు ఉన్న షెడ్డులో ఇద్దరు ముగ్గురే ఉంటారు. ఆ చట్టం నీడ అక్కడిదాకా రాదు. అక్కడ ఉన్నది ఉస్తాద్ మంచితనం, లేదా దాని లేమి.

మనం తీసుకోవలసిన పాఠం

ఆ తల్లికి ఇకమీదట ఇవ్వవలసిన జవాబు 'ఇస్తాం' అనే మేము అనుకుంటున్నాం. అయితే 1802 నాటి తప్పు మనం చేయకూడదు. బిడ్డకు పద్నాలుగేళ్ళు నిండి ఉండాలి, పది పూర్తి చేసి ఉంటే మేలు. ఉస్తాద్‌తో ఒక పేజీ ఒప్పందం ఉండాలి: ఏ పని, ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు, చేతి ఖర్చు ఎంత. మూడు నెలలకొకసారి మనలో ఒకరు స్వయంగా షెడ్డుకు వెళ్ళి చూడాలి. సాయంత్రం ఓపెన్ స్కూల్‌లోనో ఐటీఐలోనో చదువు కొనసాగేలా చూడాలి. మనం ఇచ్చే మొత్తం ఫీజుకే కాదు, ఆ ఇంటి పొయ్యి లెక్కకూ సరిపోవాలి. ఎంతమందికి ఇచ్చామని కాక, ఎంతమంది పని చేతబట్టి బయటికి వచ్చారని వచ్చే సంచికలో లెక్క చెప్పాలి.

రెండు వందల ఏళ్ళ చర్చలో మాకు అర్థమైనది ఇదే: చట్టం రాసినవాడి కంటే వెళ్ళి చూసినవాడి వల్ల బిడ్డకు ఎక్కువ మేలు జరిగింది. నలుగురు ఇన్‌స్పెక్టర్లు ఒక దేశంలో మార్పు తేగలిగితే, నలుగురు సభ్యులు ఒక పట్టణంలో తేలేరా?

సభ్యులు చర్చించవలసిన ప్రశ్నలు

1. 1802 చట్టం ఎందుకు విఫలమైంది, 1833 చట్టం కొంతైనా ఎందుకు పనిచేసింది?

2. ఫలితాలను బట్టి డబ్బు ఇవ్వడం న్యాయమా? మన ఉపకార వేతనాలలో మార్కులకు ఎంత విలువ ఇస్తున్నాం, ఎంత ఇవ్వాలి?

3. బిడ్డ సంపాదన మీద ఆధారపడిన ఇంటికి 'బడి మాన్పించకండి' అని చెప్పేముందు మనం చేయవలసింది ఏమిటి?

4. మీ వీధిలో పని నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఎందరు? వారిలో ఒకరితోనైనా ఈ నెలలో మాట్లాడి, వచ్చే సమావేశంలో చెప్పండి.